కాఫీ బస్తాకు పుట్టుపూర్వోత్తరములు

*ఐరోపా సమాఖ్య తెచ్చిన అటవీ నిబంధన గడువు సమీపించుచున్నది. మన్యపు సరుకు దిగివచ్చు నర్సీపట్నము దానికెట్లు సిద్ధపడవలెను?*

లంబసింగి ఘాటీ మీదుగా చింతపల్లి, గూడెం కొత్తవీధి సీమలకు ఎక్కిపోవు బాటయు, తుని వైపునకును అనకాపల్లి వైపునకును దిగిపోవు బాటలును కలిసికొను కూడలియందు నర్సీపట్నము వెలసియున్నది. 2022 ఏప్రిల్ 4వ తేదీన జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు ఈ పట్టణము అనకాపల్లి జిల్లాలో చేరగా, దానికి ఎగువనున్న చింతపల్లి, కొయ్యూరు మండలములు పాడేరు కేంద్రముగా నేర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోనికి పోయినవి. కాని కొండ దిగు సరుకునకు ఆ గీతతో నిమిత్తము లేదు. కాఫీ, మిరియాలు, పసుపు, పిప్పలిమోడి, చింతపండు, జీడిపిక్కలు మొదలైన వస్తువులు ఇప్పటికిని ఈ దారినే దిగి, ఈ ఊరి కొట్లలో కాటా కెక్కి, చేతులు మారి, కొన్ని విశాఖపట్నము వైపునకును, కొన్ని కర్ణాటకములోని కాఫీ మిల్లులకును సాగిపోవుచున్నవి. అట్లు సాగిపోవు బస్తాను ఇకమీదట సముద్రమునకు ఆవలి ఒడ్డున నిలిపి, దాని పుట్టినూరేదో, పుట్టిన నేల ఏదో, ఆ నేల పూర్వమేమై యుండెనో అడుగబోవుచున్నారు.

ఈ బాటకే ఒక చరిత్ర కలదు. 1882వ సంవత్సరపు మద్రాసు అటవీ చట్టము వచ్చిన పిమ్మట కొండవాని పోడు వ్యవసాయమునకు అడుగడుగున ఆంక్షలు కలిగెను. ఆ ఆంక్షల మీద గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కొండజనులచేత చాలీచాలని కూలికి బాటపని చేయించుట తోడయ్యెను. ఆ కడుపుమంట 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై అల్లూరి సీతారామరాజు నడిపిన దాడులకు గల కారణములలో నొకటి. అడవిని గూర్చిన శాసనము ఎక్కడనో పుట్టి తమ మీదికి వచ్చుట ఈ సీమవారికి కొత్త కాదు. ఇప్పటి శాసనము మరింత దూరము నుండి వచ్చినది. దాని ఉద్దేశము మునుపటి వానికంటె సదుద్దేశము. అయినను అది అడుగు ప్రశ్న మాత్రము పాతదే. ఈ నేల ఎవరిది? ఎన్నాళ్లనుండి సాగులో ఉన్నది? అందుకు ఆధారమేది?

శాసనము చెప్పునది

2023 మే 31వ తేదీ గల 2023/1115 సంఖ్య నిబంధన ద్వారా ఐరోపా సమాఖ్య ఏడు సరుకులను ప్రత్యేకించినది: కాఫీ, కోకో, రబ్బరు, ఆయిల్‌పామ్, సోయా, కలప, పశువులు. ఇవియు, వీనినుండి తయారగు వస్తువులును 2020 డిసెంబరు 31 తరువాత అడవిని నరికి సాగులోనికి తెచ్చిన నేలలో పండినవి కాకూడదు. పండించిన దేశపు చట్టములకు, అనగా భూమి హక్కులు, కార్మిక హక్కులు, పరిసర రక్షణ మున్నగు వానికి సంబంధించిన చట్టములకు లోబడి పండినవై యుండవలెను. ఈ రెండును తాను విచారించి తెలిసికొంటినని దిగుమతి చేసికొను వ్యాపారి సమాఖ్యవారి కంప్యూటరు వ్యవస్థలో ప్రకటన దాఖలు చేయవలెను. తప్పినవానికి విధించు జరిమానా గరిష్ఠ పరిమితి అతని వార్షిక వ్యాపారములో నూటికి నాలుగు వంతులకు తక్కువ కాకుండ ఉండవలెనని నిబంధన చెప్పుచున్నది గనుక, ఆ వ్యాపారి తన మీది భయమును క్రిందికి, క్రిందివాడు మరింత క్రిందికి దించుచు పోవుట సహజము. ఆ దించుడు చిట్టచివరకు వచ్చి నిలుచునది మన కొట్టు ముందర.

ప్రకటనలో తోట యున్న చోటును అక్షాంశ రేఖాంశములతో, ఆరు దశాంశ స్థానముల వరకు, తెలుపవలెను. ఆరవ స్థానమనగా నేల మీద జానెడు కూడ కాదు. తోట నాలుగు హెక్టార్లకు, అనగా సుమారు పదెకరములకు, మించినచో దాని చుట్టు సరిహద్దు గీతను గీచి చూపవలెను. మించనిచో తోటలోని ఒక్క బిందువును చూపిన చాలును. మన్యములో కాఫీ రైతులు చాలవరకు ఒకటి రెండు ఎకరముల వారగుటచేత వారికి ఒక్క బిందువే సరిపోవును. సెల్‌ఫోను పట్టుకొని తోట నడుమకు పోయి నిలుచుటకు పట్టు కాలమే ఆ పనికి పట్టును.

అమలు తేదీ మొదట 2024 డిసెంబరు 30గా నుండెను. అది ఒక ఏడాది వాయిదా పడెను. 2025 డిసెంబరులో మరల ఒక ఏడాది వాయిదా పడి, పెద్ద, మధ్యతరహా సంస్థలకు 2026 డిసెంబరు 30గాను, చిన్న సంస్థలకు 2027 జూన్ 30గాను నిలిచినది. గడువు జరిగిన కొలది ‘ఇదియు జరుగునులే’ అను ధీమా వర్తకులలో పెరుగుట చూచుచున్నాము. మన దేశమును 2025 మే నెలలో సమాఖ్యవారు అటవీ నష్టపు ప్రమాదము తక్కువగల దేశముల పట్టికలో చేర్చుటయు ఆ ధీమాకు తోడైనది. ఆ పట్టికలో నుండుటవలన తనిఖీ తగ్గునుగాని లెక్క తప్పదు: ఎక్కువ ప్రమాదముగల దేశపు సరుకు తెచ్చువారిలో నూటికి తొమ్మండుగురిని, మధ్యరకమైన వానికి ముగ్గురిని తనిఖీ చేయుదురు; మన సరుకు తెచ్చువారిలో ఒక్కరిని. తోట ఆనవాలు మాత్రము అందరును ఈయవలసినదే.

మనమెందుకు పట్టించుకొనవలెనని అడుగువారు ఒక్క సంగతి ఆలోచింపవలెను. భారతదేశములో పండిన కాఫీలో మూడింట రెండు వంతులకు మించి విదేశములకే పోవుచున్నది. అందులో సగమునకు పైగా ఐరోపాకు. ఆ కొనుగోలుదారులలో అగ్రస్థానము ఇటలీది. నర్సీపట్నపు వర్తకుడు తానెన్నడును ఓడకెక్కించి యుండకపోవచ్చును. తన సరుకు బెంగుళూరు వానికి అమ్మి చేతులు దులుపుకొని యుండవచ్చును. కాని ఆ బెంగుళూరు వాడు అడుగు కాగితము రేపు ఇతని దగ్గర లేనిచో ఆ సరుకు స్వదేశపు బజారులో దొరికిన ధరకు పోవలసినదే.

చెట్టు నీడయే చిక్కు

ఇందులో ఒక వైపరీత్యము కలదు. మన్యమునకు కాఫీ వచ్చినది అడవిని నరుకుటకు కాదు, నరకకుండ ఆపుటకు. 1898 ప్రాంతమున బ్రోడీ యను ఆంగ్లేయ అధికారి పాములేరు లోయలో తొలి మొక్కలు నాటెననియు, అక్కడినుండి పుల్లంగి, గూడెం సీమలకు ఈ పంట ప్రాకెననియు చెప్పుదురు. స్వాతంత్ర్యము వచ్చిన తరువాత 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థయు, అటుపిమ్మట అటవీశాఖయు, పాడేరు సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థయు (ఐటీడీఏ) ఈ పంటను ప్రోత్సహించుటలోని పరమార్థము, కొండవాలున నిప్పు పెట్టి రాగులు, సామలు చల్లుకొను పోడునకు బదులుగా, చెట్టును నిలబెట్టి ఆ చెట్టు క్రిందనే బ్రదుకు తెరువు చూపుట. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ, ఆ చెట్ల కాండములకు ప్రాకిన మిరియపు తీగ; ఇప్పుడు రెండు లక్షల ఎకరములకు మించి విస్తరించిన మన్యపు కాఫీతోట స్వరూపమిది. 2017లో పారిస్ నగరమున అరకు పేరు మీద ఒక కాఫీ దుకాణము తెరువబడుటయు, 2019లో అరకు లోయ అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు లభించుటయు ఈ నీడ పంట సాధించిన ఖ్యాతికి నిదర్శనములు.

ఆ నీడయే ఇప్పుడు అనుమానమునకు తావైనది. ఆకాశమునుండి చూచు ఉపగ్రహమునకు చెట్టు కొమ్మ కనబడును గాని, దాని క్రింది కాఫీ మొక్క కనబడదు. నిబంధన ప్రకారము, అర హెక్టారునకు మించిన నేలలో, అయిదు మీటర్లకు మించిన ఎత్తు చెట్లు, నూటికి పది వంతులకు మించిన కొమ్మల కప్పు ఉన్నచో దానిని అడవిగా నెంచుదురు. వ్యవసాయమే ప్రధానముగా నున్న నేలకు మాత్రము మినహాయింపు కలదు. చెట్ల నీడలో పంటలు పండించు తోటలు వ్యవసాయము క్రిందనే లెక్కకు వచ్చును. కాబట్టి శాసనమును అక్షరశః చదివినచో మన తోటలకు భయము లేదు. భయమంతయు పటములను చూచి తీర్పు చెప్పువారి నుండియే. సమాఖ్య పరిశోధనా కేంద్రమువారు ప్రకటించిన 2020 నాటి అటవీ పటము శాసనబద్ధము కాదని వారే చెప్పినను, తొందరలో నున్న వ్యాపారి చూచునది దానినే. 2020లో పచ్చగా కనబడిన చోట తరువాత కొంచెము పలుచనైనచో, అక్కడ నీడ చెట్ల కొమ్మలు కొట్టుట జరిగెనో, అడవి నరుకుట జరిగెనో ఆ పటము చెప్పజాలదు.

ఈ చిక్కు అన్ని తోటలకును సమానము కాదు. ముప్పది ఏండ్ల నాటి తోటకు బెంగ అక్కరలేదు. అది అక్కడ ఉన్నదని ఊరెల్ల ఎరుగును. 2018లోనో 2019లోనో ఓక్ మొక్కలు నాటి, నీడ ఏర్పడిన పిమ్మట 2021లోనో 2022లోనో కాఫీ నాటిన తోటలున్నవే, వాని సంగతి వేరు. కాఫీ మొక్క కాపునకు వచ్చుటకు మూడు నాలుగేండ్లు పట్టును గనుక అవి ఇప్పుడిప్పుడే తొలి పంట నిచ్చుచున్నవి. సరిగా ఆ తేదీకి అటునిటు పుట్టినవి గనుక ప్రశ్నయు వాని మీదనే పడును. అక్కడ పూర్వము పోడు బీడే కాని అడవి లేదని చూపు ఆధారమెచ్చట నున్నది? ఎవరో కొత్తగా సృష్టింపనక్కరలేదు. ఐటీడీఏ నర్సరీలనుండి మొక్కలు పంచిన పంపిణీ పుస్తకములలో నున్నది. గుంతలు త్రవ్విన కూలీలకు డబ్బు చెల్లించిన ఉపాధి హామీ మస్టరు రోళ్లలో నున్నది. మండల కార్యాలయపు బీరువాలో దుమ్ముపట్టిన మస్టరు రోలు ఇటలీ వ్యాపారికి చూపవలసిన ఎగుమతి పత్రమగునని ఆనాడు దానిపై వేలిముద్ర వేసిన కూలివాడు గాని, వేయించుకొన్న ఉద్యోగి గాని ఊహించి యుండరు. ఆ పుస్తకములను ఊరివారీగా తీసి, నకళ్లు చేయించి భద్రపరచుట ఈ సన్నాహములో మొట్టమొదటి పని.

రెండు చట్టముల కలయిక

తోట అడవి కాదని తేలిన పిమ్మట రెండవ ప్రశ్న: అది చట్టబద్ధమా? మన్యములో భూమికి సంబంధించి రెండు శాసనములు ముఖ్యమైనవి. 1959 నాటి నిబంధనను సవరించిన 1970వ సంవత్సరపు ఒకటవ నిబంధన, అనగా జనుల నోట ‘వన్ ఆఫ్ సెవెంటీ’గా నిలిచినది, షెడ్యూలు ప్రాంతమున గిరిజనేతరునకు భూమి బదలాయింపును నిషేధించినది. 2006 నాటి అటవీ హక్కుల చట్టము, 2005 డిసెంబరు 13కు పూర్వము నుండి సాగులో నున్న అటవీ భూమికి గిరిజన కుటుంబమునకు హక్కు నిచ్చినది. ఆ హక్కు పత్రము భార్యాభర్తల ఇరువురి పేరిట ఉండవలెనని విధించినది. గరిష్ఠ విస్తీర్ణమును నాలుగు హెక్టార్లుగా నిర్ణయించినది.

ఐరోపా శాసనములోని నాలుగు హెక్టార్లును, మన శాసనములోని నాలుగు హెక్టార్లును ఒకదాని నొకటి ఎరుగక ఏర్పడినవి. కాని ఫలితము మనకు మేలైనది: ఒక అటవీ హక్కుల పట్టా క్రింది నేల నాలుగు హెక్టార్లకు మించదు గనుక ఆ నేలలోని తోటకు సరిహద్దు గీత అక్కరలేదు, బిందువు చాలును, ఆ పట్టా తేదీ 2020కి ముందుదైనచో అది ఒక్కటే స్థలమునకును, కాలమునకును, హక్కునకును సాక్ష్యమగును. ఒక్క పత్రముతో మూడు ప్రశ్నలకు జవాబు దొరకుట వ్యాపారములో అరుదు. పట్టా కోరి దరఖాస్తు పెట్టి ఇంకను ఎదురుచూచుచున్నవారి సంగతి కష్టమైనది. సాగు వాస్తవమైనను పత్రము చేతికి రానివానిని ఐరోపా శాసనము మరల అడుగున పడవేయు ప్రమాదమున్నది. ఈ కారణముచేతనే పెండింగులో నున్న దరఖాస్తులను త్వరగా పరిష్కరించుట ఇప్పుడు కేవలము సంక్షేమకార్యము కాదు, వాణిజ్యకార్యము కూడ.

పేరు పోవు చోటు

ఇంతవరకు చెప్పినదంతయు కొండ మీది పని. అసలు చిక్కు కొండ దిగిన తరువాత మొదలగును. నర్సీపట్నమునకు సంబంధించినది అదియే.

కోతకాలమున సంతనాటి ఉదయము కాఫీ కొను కొట్టు ముందర కొంచెముసేపు నిలిచినచో వ్యవహారమెల్ల బోధపడును. కొండ రైతు ముప్పదియో నలుబదియో కిలోల పార్చ్‌మెంటును (పొట్టు తీయని కాఫీ గింజలను) ప్లాస్టిక్ గోనెలో జీపు మీదికెక్కించి తెచ్చును. అందులో తన తోటది కొంత, వదినెగారి తోటది కొంత, బాకీ క్రింద పొరుగువాడిచ్చినది కొంత యుండుట కద్దు. వర్తకుడు గోనెలోనికి మోచేతివరకు చేయి జొనిపి, అడుగునుండి గుప్పెడు గింజలు తీసి, అరచేతిలో నలిపి పొట్టూది, ఒక గింజను పంట కొరికి చూచి, తేమ ఎంతయున్నదో యంత్రము లేకుండగనే పసికట్టి, ధర చెప్పును. కాటా అయిన వెంటనే గుమాస్తా ఆ గోనెను కొట్టు వెనుకనున్న రాశి మీద గుమ్మరించును. చింతపల్లిది, గూడెము కొత్తవీధిది, కొయ్యూరుది అంతయు ఆ రాశిలో ఏకమగును. సాయంకాలమునకు ఆ రాశిని క్రొత్త గోనెలకెత్తి, దబ్బనముతో పురికోస కుట్టి, వర్తకుని గుర్తు వేయుదురు. బస్తా మీద వర్తకుని పేరు పడిన క్షణముననే పండించినవాని పేరు పోవును.

ఇన్నాళ్లు ఇది తప్పు కాదు, వ్యాపారపు ఆనవాయితీ. కొత్త శాసనము ఈ ఆనవాయితీని ఒప్పుకొనదు. ఆనవాలు గల సరుకును లేని సరుకును కలిపి, ఇంత మేరకు ఆనవాలు గలదని నిష్పత్తి చెప్పుట కుదరదని ఖండితముగా చెప్పుచున్నది. అయితే ఒక వెసులుబాటును ఇచ్చినది; దీనిని మన వర్తకులు గ్రహింపవలెను. ప్రతి రైతు సరుకును వేరువేరుగా ఓడవరకు మోయనక్కరలేదు. రాశిలో మూడువందల మంది సరుకు కలిసినను ఆ మూడువందల తోటల ఆనవాళ్లును చూపి, అన్నియు సక్రమమైనవే యనగలిగినచో చాలును. ఎవరిదో తెలియని ఒక్క గోనె ఆ రాశిలో పడినచో రాశియంతయు చెడును. కావలసినది మూడువందల రాశులు కాదు, రెండు రాశులు: పేరున్నది ఒకటి, పేరు లేనిది వేరొకటి.

చిట్టా, ఆవర్జా వ్రాయుట తెలిసిన వర్తకునకు ఇది బ్రహ్మవిద్య కాదు. రోజువారీ చిట్టాలో ఇప్పుడు తేదీ, పేరు, ఊరు, తూకము, ధర, చెల్లింపు వ్రాయుచున్నాడు. దానికి తోట నంబరు అను ఒక్క గడి చేర్చవలెను. రాశి నంబరు మరియొక గడి. ఏ రాశి ఏ లారీకెక్కినదో లారీ చీటీ మీద వ్రాయవలెను. ఈ లెక్కలను అయిదేండ్లు భద్రపరచవలెను, ఏలయన సమాఖ్యలోని దిగుమతిదారునకు అయిదేండ్ల నియమమున్నది. ఇంతమాత్రమునకు వేలు పోసి సాఫ్ట్‌వేరు కొనవలెనని చెప్పుచు తిరుగువారి మాటలు నమ్మి తొందరపడనక్కరలేదు. గుమాస్తా శ్రద్ధయే ముఖ్యము. గిడ్డంగిలో రెండవ రాశికి చోటు, దానికగు అదనపు కూలి: ఖర్చు నిజముగా పడునది ఇక్కడ.

ఆనవాలు కొరకు చేయు ఈ శ్రమ ఐరోపా కొరకే కాదు. 2025 వర్షాకాలమున అరకు ప్రాంతపు తోటలలో కాఫీ కాయతొలుచు పురుగు కనబడినది. పురుగు పట్టిన తోట పండ్లు ఏ గోనెలో ఏ ఊరికి పోయినవో తెలియనిచో దానిని కట్టడిచేయుట గాలిలో దీపమే. ఏ తోటనుండి ఏ రాశికో చెప్పగల చిట్టా సర్వవిధముల రైతుకే రక్ష.

మిరియాలు, పసుపు నిశ్చింతగా నున్నవా?

అటవీ నిబంధన మిరియాలకును పసుపునకును వర్తింపదు. వానికి వేరు పరీక్షలున్నవి. మిరియాలు, పసుపు, అల్లము, మిరపలలో బూజువలన పుట్టు అఫ్లాటాక్సిన్ బి1 కిలోకు 5 మైక్రోగ్రాములకు, మొత్తము అఫ్లాటాక్సినులు 10 మైక్రోగ్రాములకు మించరాదని సమాఖ్య పరిమితి. వేయించిన కాఫీలో ఓక్రాటాక్సిన్ పరిమితిని 2023 జనవరి నుండి కిలోకు 5 నుండి 3 మైక్రోగ్రాములకు దించినారు. ఈ విషములు గిడ్డంగిలోనే కాదు, ఆరబెట్టు కళ్లములోను పుట్టును. డిసెంబరు మంచు పట్టిన లంబసింగి చుట్టుపట్ల పచ్చి నేల మీద పరచిన పండు పగలు ఆరి, రాత్రి తడిసి, బూజు పట్టును. టార్పాలిన్ పరచి, ప్రొద్దుగ్రుంకక మునుపే మూసి, మరునాడు మంచు విడిచిన తరువాత తెరచి, తేమ పదకొండు పన్నెండు శాతమునకు దిగువరకు ఆరబెట్టుట తప్ప వేరు మందు లేదు. ఈ జాగ్రత్తలో రైతుకగు ఖర్చు ఒక టార్పాలిన్. అజాగ్రత్తలో వర్తకునకగు ఖర్చు తిరుగు టపాలో వచ్చు కంటైనరు.

ఒప్పందములు జరిగి సుంకములు తగ్గినంతమాత్రమున ఈ పరీక్షలు తగ్గునని భ్రమపడరాదు. 2025 జులై 24న బ్రిటనుతో మనవారు చేసికొన్న వాణిజ్య ఒప్పందము సుంకములను తగ్గించినదేగాని ఆహార పరిశుద్ధి నియమములను ఎత్తివేయలేదు. వాకిలి వెడల్పైన కొలది కావలివాడు మరింత జాగరూకుడగుట లోకరీతి.

ముందు తడబడినవారు

ఈ తడబాటు మన తెలుగు నేలకు మొదటిసారి కాదు. 1997లో ఐరోపా సమాఖ్య భారతదేశపు మత్స్య ఉత్పత్తులను నిషేధించినప్పుడు తీరమందలి రొయ్యల కర్మాగారములు అల్లల్లాడినవి. తరువాత నేలలు, నీరు, మంచుగడ్డ మొదలు అన్నిటిని శుభ్రపరచుకొని తిరిగి నిలదొక్కుకొన్నవి. సాగు రొయ్యలలో యాంటీబయాటిక్ అవశేషముల కారణముగా 2016 నుండి మన సరుకులో సగమునకు నమూనా పరీక్షలు విధించినారు. చెరువుల నమోదు, పట్టుబడికి ముందే పరీక్ష అను పద్ధతులతో ఆ రంగము మనగలిగినది. 2003లో ఫ్రాన్సులో భారతీయ కారములో సూడాన్ రంగు బయటపడగా, రంగు కలిపిన కొద్దిమంది పాపమునకు గుంటూరు మిరప యావత్తును పరీక్షల పాలైనది; సుగంధద్రవ్యముల బోర్డు ఎగుమతి కారమునకు పరీక్ష తప్పనిసరి చేసినది. మూడింటి నుండియు తేలునది ఒక్కటే: నియమము వచ్చిన తరువాత సర్దుకొన్నవాడు ఒకటి రెండేండ్ల వ్యాపారము పోగొట్టుకొనును, ముందే సర్దుకొన్నవాడు ఆ పోయిన వ్యాపారమును తాను పొందును.

సంపన్న దేశములవారును దీనికి అతీతులు కారు. 2020 డిసెంబరు 31 రాత్రితో బ్రిటను ఐరోపా ఉమ్మడి విపణినుండి వెలుపలికి రాగా, అంతవరకు పొరుగూరికి పంపినట్లు జున్నును, మాంసమును ఫ్రాన్సునకు పంపుకొనుచుండిన చిన్న వ్యాపారులు పశువైద్యుని ధ్రువపత్రము లేక సరుకు కదలదని తెలిసికొని నిర్ఘాంతపోయినారు. చదువు, ఇంటర్నెట్, సలహాదారులు అన్నియు ఉన్నవారికే అట్లయినప్పుడు, కొండ క్రింద కొట్టు పెట్టుకొన్న వర్తకునకు సహాయము కావలెననుట సిగ్గుపడవలసిన విషయము కాదు.

వర్తకులకు పనుల పట్టిక

• సరుకు తెచ్చు రైతుల పేర్లు ఊరివారీగా వ్రాసి, వారిలో ఎవరికి పట్టా ఉన్నదో, ఎవరి తోట కాఫీ బోర్డు మొబైల్ యాప్‌లో నమోదైనదో గుర్తించుట.

• చిట్టాలో తోట నంబరు, రాశి నంబరు గడులు చేర్చి, ఈ కోతనుండియే అలవాటు చేయుట.

• గిడ్డంగిలో పేరున్న రాశికిని లేని రాశికిని నడుమ గోడ గాని బల్లలు గాని కట్టి, గోనెలకు వేరు రంగు దారముతో కుట్టు వేయుట.

• తేమ కొలుచు యంత్రమొకటి కొని, కొలిచిన అంకెను రైతుకు చూపి వ్రాయుట.

• కొనుగోలుదారు ఏ పత్రములు అడుగునో ఇప్పుడే ఉత్తరము వ్రాసి లిఖితపూర్వకముగా తెలిసికొనుట.

• సందేహములకు గూడెం కొత్తవీధి మండలములోని రాఘవేంద్రనగర్ కాఫీ పరిశోధన కేంద్రమును, చింతపల్లి వ్యవసాయ పరిశోధన స్థానమును, పాడేరు ఐటీడీఏను ఆశ్రయించుట.

చీటీ ఎవరి చేతిలో?

సన్నాహమును గూర్చి మాటలాడువారందరును ఆనవాళ్లు సేకరింపవలెననుటలో ఏకాభిప్రాయముతో నున్నారు. సేకరించిన పిమ్మట అవి ఎవరివగును అను ప్రశ్న మాత్రము ఎవరి నోటను వినబడదు. ఈ వ్యాసకర్త అభిప్రాయమున ప్రధానమైన ప్రశ్న అదియే.

ఒక పెద్ద సంస్థ తన ఉద్యోగులను పంపి, రైతు తోటలో ఫోను పట్టి బిందువు గుర్తించి, పట్టా ఫోటో తీసికొని పోయినదనుకొనుడు. ఆ వివరము సంస్థ కంప్యూటరులో ఉండును. రైతు చేతిలో ఏమియు ఉండదు. మరుసటి ఏడు వేరొక వ్యాపారి కిలోకు పది రూపాయలు ఎక్కువ ఇచ్చెదననినను, అతనికి చూపుటకు రైతు దగ్గర ఆనవాలు లేదు. మొదటి సంస్థకే అమ్మక తప్పదు. పూర్వము కొండ షావుకారు పంట చేతికి రాకముందే అప్పిచ్చి, ఆ అప్పు చీటీతో పంటను కట్టివేసెడివాడు. ఆ కట్టును త్రెంచుటకే గిరిజన సహకార సంస్థను స్థాపించినారు. అప్పు చీటీ పోయి, ఆనవాలు చీటీ ఆ స్థానమును ఆక్రమించినచో మనము సాధించినదేమి? ఇథియోపియా వంటి చిన్న రైతుల దేశముల విషయమున, ఆనవాళ్ల సేకరణ కష్టమని కొనుగోలుదారులు పెద్ద తోటల వైపు మరలుదురేమో అను భయము వ్యక్తమైనది. మరలిపోవుట ఒక కష్టము. కట్టిపడవేయుట మరియొక కష్టము. రెంటికిని విరుగుడు ఒక్కటే: ఆనవాలు రైతుది కావలెను, కాఫీ కొనువానిది కాకూడదు.

ఇది అసాధ్యము కాదు. తోట బిందువు, విస్తీర్ణము, నాటిన సంవత్సరము, పట్టా సంఖ్య గల ఒక అట్ట కార్డును భార్యాభర్తలిరువురి పేరిట ముద్రించి రైతు ఇంట ఉంచుట, దాని ప్రతిని గ్రామసభ పుస్తకములో నుంచుట, కొనువాడెవడైనను రైతు సమ్మతితో ఆ అంకెలను వ్రాసికొనుట; ఇంతే. పండు ఏరునది, ఆరబెట్టునది ముఖ్యముగా స్త్రీలే గనుక ఆమె పేరుండుట ఔచిత్యము, అటవీ హక్కుల పత్రమున ఆమె పేరుండుట శాసనము కూడ. గొందిపాకలు పరిసర గ్రామములలో సేంద్రియ ధ్రువీకరణ కొరకు రైతుల తోటలను జట్టులుగా చేర్చి లెక్కలు వ్రాసిన అనుభవము గిరిజన సహకార సంస్థకు ఉన్నది. ఆ పద్ధతినే కొంచెము విస్తరించిన చాలును. ఇందువలన వర్తకునకు నష్టమని కొందరనవచ్చును. నిజమునకు లాభమే: కార్డు చేతబట్టి వచ్చిన రైతు సరుకును కొనుటకు వర్తకుడు కొండనెక్కి సర్వే చేయించుకొనవలసిన ఖర్చు లేదు. పెద్ద సంస్థతో పోటీ పడలేని చిన్న వర్తకునకు ఆ కార్డే పెట్టుబడి.

మన్యములో కాఫీకోత నవంబరున మొదలై జనవరి, ఫిబ్రవరుల వరకు సాగును. 2026 నవంబరున కోయు పండు పులిసి, ఆరి, మిల్లు చేరి, ఓడ ఎక్కి ఐరోపా రేవు తాకునప్పటికి డిసెంబరు 30వ తేదీ దాటిపోవును. కావున కొత్త శాసనమునకు పూర్తిగా లోబడు తొలి పంట ఆ కోతదే యగును; సన్నాహమంతయు ఆ కోతకు పూర్వమే, చిట్టాలో గడులు గీచుట మొదలు గ్రామసభలో పేర్లు చదివి వినిపించుట వరకు, ముగియవలెను. గడువు మరల జరిగినను ఈ శ్రమ వృథా కాదు. ఎవని తోట ఎక్కడ ఉన్నదో, ఎప్పటినుండి ఉన్నదో చెప్పు పత్రము కొండ రైతు ఇంట ఉండుటకు ఐరోపా అడుగవలసిన అవసరమే లేదు. అది నూరేండ్ల క్రిందటనే ఉండవలసినది.